ఇలీసా చెవి

రొటోరువా
1967 మే 14

అక్కా,

అందరం క్షేమంగా చేరాం. మిగతాదంతా నెమ్మదిగా చదువుకో. కోలెతి, లూసియా, పసివాడు పెతెలో, నేను, నలుగురం బాగానే ఉన్నాం. మన దీవి నుంచి అపియా దాకా ఓడలో కోలెతి తల ఎత్తలేదు. అక్కణ్ణుంచి విమానంలో నేను ఎత్తలేదు.

ఇల్లు ఇచ్చారు. చెక్క ఇల్లు, రేకుల కప్పు. నాలుగు వైపులా గోడలే అక్కా. గాలి ఎటు నుంచి వస్తోందో తెలీదు, పక్కింట్లో ఎవరు దగ్గారో తెలీదు. మొదటి వారం కోలెతి కిటికీలన్నీ బార్లా తీసిపెట్టింది. తర్వాత చలి మొదలైంది, తనే మూసింది. ఈ ఊళ్ళో నేలలోంచి పొగలొస్తాయి. రోడ్డు పక్కన, కాలవల్లో, ఎక్కడ పడితే అక్కడ. కుళ్ళిన గుడ్ల కంపు. మూడు రోజులు ముక్కు మూసుకు తిరిగాం. ఇప్పుడు తెలియట్లేదు. కంపు పోయిందో మా ముక్కులే పోయాయో మరి.

నాకు చెక్క మిల్లులో పని. కోసిన పలకలు పేర్చాలి. తడి చెక్క ఇంత బరువుంటుందని నాకు తెలీదు. మేస్త్రీకి నా పేరు నోరు తిరగదు, "లెస్" అంటాడు. పలుకుతున్నాను.

పక్కింటావిడ మావోరీ. పేరు హేనీ. వచ్చిన రోజే ఒక పళ్ళెం తెచ్చి "ఇకా" అంది. చేపని వాళ్ళూ మనలాగే "ఇకా" అంటారట! ఆ ఒక్క మాటకి కోలెతి ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చేసింది. చేప మాత్రం మంచినీళ్ళది. చప్పగా ఉంది.

ఇలీసా చెవి ఎలా ఉంది? చీము కారడం ఆగితే తర్వాతి ఓడలో మా దగ్గరికి రావచ్చన్నాడు కదా డాక్టరు. కాంపౌండరు కపెలీ చుక్కలు వేస్తున్నాడా? ఇక్కడ పిల్లల గదిలో మూడు మంచాలున్నాయి. ఒకటి ఖాళీగా ఉంది.

సెమీ బావని అడిగానని చెప్పు. నా దోనెని ఎండలో వదిలెయ్యొద్దని కూడా చెప్పు.

నీ తమ్ముడు
లెపాయో


నుకునోను
1967 ఆగస్టు 3

తమ్ముడూ,

మొన్న ఓడలో నీ ఉత్తరం అందింది. ఓడ ఒక్క పూటే ఆగింది గనక, అప్పుడు జవాబు రాసి ఇవ్వలేకపోయాను. మూడు రోజుల్లో తిరిగి వస్తుందంటే ఇప్పుడు కూర్చున్నాను.

నీ ఉత్తరం గుడి ముందు అందరికీ చదివి వినిపించాను. నిన్ను అడగాలా ఏమిటి? విమానంలో తల ఎత్తలేదన్న చోట జనం పడీ పడీ నవ్వారు. "ఇక్కడేమో అలల మీద నిలబడి తూర చేపలు లాగేవాడే!" అని మీ బావ ఇంకా అంటూనే ఉన్నాడు. దోనె నీడలోనే ఉంది. దాని మీద కొబ్బరాకులు కప్పింది కూడా ఆయనే. ఒట్టి నోరే గానీ మనిషి మంచివాడు.

ఇలీసా మొదట్లో పొద్దున లేస్తే రేవు దగ్గరే ఉండేది. పిలిస్తే వచ్చేది కాదు. ఇప్పుడు వస్తోంది. నాతో కూర్చుని మొగలి ఆకులు గీకుతోంది. ముల్లు తీసేటప్పుడు నాలిక బయటపెడుతుంది, చిన్నప్పుడు నువ్వు పెట్టినట్టే. చెవి ఇంకా కారుతోంది. కపెలీ రెండు పూటలా చుక్కలు వేస్తున్నాడు. తొందరపడకండి.

మంచం ఉత్తగా ఉందన్నావు. ఉత్త మంచం మీద ఎలా పడుకుంటారురా? చాప నేశాం, పంపుతున్నాను. ఒక అంచు ఇలీసాదే. వంకరగా ఉన్న అంచు చూస్తే నీకే తెలుస్తుంది.

నాలుగు గోడలకీ అలవాటు పడకండి.

అక్క
అలియేటా


రొటోరువా
1967 నవంబరు 19

అక్కా,

చాప చేరింది. మంచం కన్నా జానెడు పొడుగు. మడిచి వేశాం. వంకర అంచుని కోలెతి పైకి కనబడేలా పెట్టింది. ఆ మంచం మీద ఎవర్నీ కూర్చోనివ్వదు.

నువ్వు నవ్వుతావు, ఇప్పుడు నేను గడ్డి కోస్తున్నాను. ఇంటి ముందు గడ్డి మోకాలి దాకా పెరిగితే, జనం ఏమనుకుంటారని హేనీ మొగుడు తన కోత యంత్రం తోసుకొచ్చి నా చేతికిచ్చాడు. గడ్డి మొలవడానికే మట్టి లేని ఊళ్ళో పుట్టినవాణ్ణి, మొలిచినదాన్ని కోసి పారేస్తున్నాను. మొదటిసారి కోసినప్పుడు పాపం అనిపించింది.

కోలెతికి ఆస్పత్రి బట్టలు ఉతికే చోట పని దొరికింది. దుప్పట్లన్నీ యంత్రాల్లోనే. వేడి ఆవిరి మధ్య ఉంటుంది కాబట్టి మా అందరిలోకీ తనకే చలి లేదు. లూసియాకి బడి బాగుంది. మేం మన మాటలో అడిగితే, ఇంగ్లీషులో జవాబిస్తుంది.

నేను మిల్లులో, కోలెతి ఆస్పత్రిలో. ఇంట్లో ఒక చెయ్యి తక్కువైనట్టుంది అక్కా. పెతెలో నడక మొదలెట్టాడు. గది గదికీ వెళ్ళి ఎవరినో వెతుకుతున్నట్టు చూస్తాడు. లూసియా బడిలో ఎనిమిదేళ్ళ వాళ్ళకి కూడా చోటుందని టీచరమ్మ తనంతట తనే చెప్పింది. మార్చి ఓడలో ఇంకో మూడు కుటుంబాలు వస్తాయని విన్నాం. కపెలీ వాళ్ళు కూడానట.

నువ్వు ఎలా అంటే అలాగే.

నీ తమ్ముడు
లెపాయో


నుకునోను
1968 ఫిబ్రవరి 8

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అందరి ముందు. అక్కడ ఒక ముక్క మింగేసి చదివాను. రెండోసారి ఒక్కదాన్నే.

ఇంట్లో చెయ్యి తక్కువైందా? మీరిద్దరూ పనులకి పోతే పసివాణ్ణి ఎత్తుకోడానికి ఈ పిల్ల కావాలా? ఎనిమిదేళ్ళ పిల్లని సముద్రం దాటించి, నాలుగు గోడల మధ్య పెట్టి, పిల్లవాడి ముక్కు తుడవమంటారా? మనింట్లో ఆడపిల్లని అలా పెంచలేదు. నన్ను మన అమ్మ అలా పెంచిందా? లోటుంటే ఆ హేనీని అడగండి. మంచి మనిషన్నారుగా.

చెవి ఇంకా తగ్గలేదు. ఇప్పుడు పంపడం కుదరదు.

నీ మీద కోపం లేదు. నీ చేత రాయించినవాళ్ళ మీదే.

అలియేటా


రొటోరువా
1968 మే 5

వదినా,

ఇది రాస్తున్నది కోలెతిని. నీ తమ్ముడికి ఈ ఉత్తరం సంగతి తెలీదు. తెలిస్తే రాయనివ్వడు.

ఆయన చేత ఎవరూ రాయించలేదు. ఎవరైనా రాయిస్తే ఇంకా బాగుండేది, సూటిగా ఉండేది. మన దగ్గర తమ్ముడు అక్క మాటకి ఎదురు చెప్పడు. అది నాకూ తెలుసు. అందుకే మంచం ఖాళీగా ఉందంటాడు, బడిలో చోటుందంటాడు, చెయ్యి తక్కువైందంటాడు. నువ్వేమో చాప పంపుతావు. చెయ్యి తక్కువైందంటే పనికి కాదు వదినా. అన్నం పెట్టేటప్పుడు నాలుగు పళ్ళేలు చాలవనిపించి అయిదోది తీస్తాను. తీసి మళ్ళీ పెట్టేస్తాను. అదీ సంగతి.

కపెలీ పెళ్ళాం మొన్న ఆదివారం ఇక్కడికొచ్చింది. నేను చెవి గురించి అడిగితే, "ఏ చెవి?" అంది. ఆగస్టులో మరియమ్మ పండగ నాటికే ఎండిపోయిందట. క్రిస్మస్‌కి పిల్లలందరితో కలిసి మడుగులో మునిగి ఈదిందట. నువ్వు ఫిబ్రవరిలో తగ్గలేదని రాశావు.

నేను తిట్టడానికి రాయట్లేదు. నువ్వు దాన్ని బాగా చూస్తావని నాకు తెలుసు. నాకన్నా బాగా కూడా చూస్తావేమో. కానీ నేను కన్న పిల్ల. నాకు కావాలి. ఇది మెలికలు లేకుండా చెప్తున్నాను.

కోలెతి


నుకునోను
1968 జూలై 21

కోలెతీ,

నన్ను అబద్ధాలకోరుని చేశావు. సరే.

నీ మొగుణ్ణి అడుగు, వెళ్ళేనాడు రేవులో ఏమన్నాడో. మీరు దోనెలో కూర్చున్నారు. నువ్వు అటు తిరిగి పసివాడికి పాలిస్తున్నావు. నా తమ్ముడు ఇలీసా చెయ్యి నా చేతిలో పెట్టి, "ఇక నీదే" అన్నాడు. అందరూ విన్నారు. ఇచ్చిన పిల్లని ఎవరూ వెనక్కి అడగరు. మీ అమ్మ కూడా నిన్ను మీ పెద్దమ్మకి ఇచ్చింది, అడిగిందా?

అలియేటా


రొటోరువా
1968 సెప్టెంబరు 29

అక్కా,

రెండు ఉత్తరాలూ కోలెతి నాకు చూపించింది. తను రాసింది, నువ్వు రాసింది. మూడు రోజులు మేం మాట్లాడుకోలేదు. తర్వాత ఇది రాయడానికి నాకు ఇంకో నెల పట్టింది. మిల్లులో ఒక పూట పలక జారి బొటనవేలి గోరు ఊడిపోయింది. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. అది సాకు కాదు. గోరు ఊడకముందు కూడా రాయలేకపోయాను.

రేవులో నేనన్నది "ఇక నీదే పూచీ" అని. చెవి తగ్గేదాకా, ఓడ ఎక్కించేదాకా నీదే పూచీ అని. అప్పుడే పెద్ద అల వచ్చి దోనె పక్కకి కొట్టింది, సెమీ బావ కేక వేశాడు. చివరి మాట అల మింగేసి ఉంటుంది. నువ్వు వినలేదని నిన్ను తప్పు పట్టను. గట్టిగా అనాల్సింది నేను. తర్వాత పదహారు నెలలుగా కూడా గట్టిగా అనలేదు.

నీకు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. నువ్వు ఇవ్వనంటే మళ్ళీ అడగను. కోలెతిని కూడా అడగనివ్వను. కానీ అడక్కుండా ఉండటం మర్యాద అనుకున్నాను చూడు, అది మర్యాద కాదు, పిరికితనం. నా వల్ల నువ్వు దానికి తల్లివి అయ్యావు, అక్కడ అందరి కళ్ళకీ దాని తల్లి ఇచ్చిన పిల్లని లాక్కునే దొంగ అయింది. ఇద్దరికీ అన్యాయం చేసింది నేనే.

అందుకని ఒక్కసారి అడుగుతున్నాను. ఇలీసాని పంపు అక్కా.

లెపాయో


నుకునోను
1968 నవంబరు 24

తమ్ముడూ,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఇలీసా దారిలో ఉంటుంది. జనవరి ఓడలో సిస్టర్ మోనికా ఆక్లండ్ వెళ్తోంది. ఆవిడతో పంపుతున్నాను. నువ్వు ఆక్లండ్ వెళ్ళి తీసుకెళ్ళాలి. కోలెతిని ఇంట్లోనే ఉండమను. విమానం దగ్గర అంతమంది మధ్య వద్దు. వాళ్ళిద్దరూ ఇంట్లో కలుసుకుంటేనే మంచిది.

ఇప్పుడు నేను చెప్పేది నువ్వు ఎవరికీ చదివి వినిపించకు. కోలెతికి మాత్రం వినిపించు.

పూచీ అన్న మాట అల మింగిందన్నావు. మింగలేదు. నేను విన్నాను. నీ పెదాలు కూడా చూశాను. ఇంటికి నడిచి వస్తుంటే పిల్ల చెయ్యి నా చేతిలో ఉంది. ఆ మాట వినలేదనుకుంటే ఎలా ఉంటుంది అని అనుకున్నాను. అనుకోవడం అలవాటైంది. ఎవరైనా అడిగితే "నాకిచ్చారు" అన్నాను. రెండు మూడుసార్లు అనేసరికి నాకే నిజమనిపించింది. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి ఒక్క బిడ్డ లేనిదాన్ని. అది సాకుగా చెప్పట్లేదు, నీకు తెలియాలని చెప్తున్నాను.

నీ ఉత్తరం చూశాక కూడా పంపకూడదనే అనుకున్నాను. ఉత్తరం చాప కింద పెట్టేశాను. నాలుగు రోజుల తర్వాత కొబ్బరి కోరుతుంటే ఇలీసా వచ్చి పక్కన కూర్చుంది. "అత్తా, మా అమ్మకి ఎటువైపు పన్ను విరిగింది?" అంది. కుడివైపు అన్నాను. "కాదు, ఎడమేమో" అంది. "లేదే, కుడే" అన్నాను. అది కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చుంది. "నాకు కనబడట్లేదు అత్తా" అంది. ఇంకో ఏడాది ఉంచుకుంటే ఆ పిల్ల ఆ మాట కూడా అడగదు. అప్పుడు నేను దానికి అమ్మనై కూర్చుంటాను, అది ఏం పోగొట్టుకుందో దానికే తెలీదు. అది నా వల్ల కాదు తమ్ముడూ.

పంపుతున్నానని చెప్తే, "నువ్వూ వస్తావా?" అంది. రానన్నాను. "అయితే నేనూ పోను" అంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మీ బావ దాన్ని దోనెలో ఎక్కించుకుని మడుగంతా తిప్పి తెచ్చాడు. ఏం చెప్పాడో ఇద్దరూ చెప్పరు. వచ్చి అన్నం తింది.

పచ్చి చేప ముళ్ళు తనే తీసుకుంటుంది, తీయబోతే కోపం. తల దువ్వేటప్పుడు గట్టిగా లాగితే ఏడవదు గానీ రోజంతా మాట్లాడదు. ఉరిమితే భయం. చెవికి ఏమీ లేదు.

నన్ను క్షమించమని కోలెతిని అడగమని నీకు రాద్దామనుకున్నాను. అది నీ ద్వారా అడిగే మాట కాదు. వేరే కాగితం మీద తనకే రాసి ఇలీసా సంచీలో పెట్టాను.

అక్క


రొటోరువా
1969 ఫిబ్రవరి 23

అక్కా,

ఇలీసా వచ్చింది. ఒళ్ళు బాగుంది. ఓడలో వాంతి కూడా చేసుకోలేదట.

నువ్వు చెప్పినట్టే నేనొక్కణ్ణే వెళ్ళాను. నన్ను చూసి ఇలీసా సిస్టర్ వెనక్కి నక్కింది. బస్సులో సగం దారి కిటికీకేసే చూస్తూ కూర్చుంది. తర్వాత "ఇన్ని గొర్రెలు ఎవరివి?" అంది. నాతో మాట్లాడిన మొదటి మాట అదే. ఎవరివో నాకూ తెలీదన్నాను. "ఇన్నాళ్ళూ ఉండి తెలుసుకోలేదా?" అంది. నీ మాట తీరే.

ఇంటికొచ్చాక వాళ్ళమ్మకి చెయ్యి చాచింది, ఫాదర్‌కి ఇచ్చినట్టు. కోలెతి ఆ చేతినే పట్టుకుంది, లాక్కుని హత్తుకోలేదు. నాకు తెలుసు ఎంత కష్టపడిందో. "రా, అన్నం తిందాం" అంది. అంతే.

నీకు అబద్ధం రాయను, మొదటి మూడు వారాలు బాగాలేవు. వాళ్ళమ్మని "కోలెతీ" అని పేరు పెట్టి పిలిచేది. లూసియా కొట్టబోతే, "అత్త అలానే అంటుంది కదా" అంది. పెతెలోని దగ్గరికి రానిచ్చేది కాదు. బడిలో చిన్నపిల్లలతో కూర్చోబెట్టారని ఒక పిల్లని గిల్లింది. లూసియా ఇంగ్లీషులో తిడితే, ఇది మన భాషలో తిట్టింది. ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. ఒక లాభం, లూసియాకి మన తిట్లన్నీ మళ్ళీ గుర్తొచ్చాయి.

కిందటి శనివారం కోలెతి దానికి తల దువ్వుతోంది. దువ్వెన చిక్కులో పడి లాగింది. ఇలీసా లేచి నిలబడి, "మా అత్త ఇలా దువ్వదు!" అని అరిచింది. నేను గుమ్మంలో ఉన్నాను, లోపలికి వెళ్ళబోయి ఆగిపోయాను. కోలెతి దువ్వెన దాని చేతికిచ్చి నేల మీద కూర్చుంది. "ఎలా దువ్వుతుందో చూపించు" అంది, తన కొప్పు విప్పేసుకుని.

ఇలీసా దువ్వెన అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత వెనక కూర్చుంది. "ముందు కింద నుంచి చిక్కు తీయాలి. ఎడమ చేత్తో పైన పట్టుకోవాలి, లాగితే నొప్పి తెలీకుండా" అని చెప్తూ దువ్వింది. "ఊఁ" కొడుతూ కోలెతి వింది. జడ వంకరగా వేసింది. కోలెతి సోమవారం పనికి ఆ జడతోనే వెళ్ళింది. బుధవారం గడప దాటబోతుంటే వెనక నుంచి, "అమ్మా, జడ ఊడిపోతోంది" అని వినబడింది. కోలెతి వచ్చి మళ్ళీ కూర్చుంది. ఆ రోజు పనికి ఆలస్యమైంది.

నువ్వు రాసిన కాగితం కోలెతి చదివింది. నాకు చూపించలేదు. జవాబు తనే రాస్తానంది.

అక్కా, నువ్వూ బావా కూడా వచ్చెయ్యండి. కాగితాలు నేను పెడతాను. ఇప్పుడు అడగడం వచ్చింది నాకు.

నీ తమ్ముడు
లెపాయో


నుకునోను
1969 ఏప్రిల్ 20

తమ్ముడూ,

రాను. ఈ ఇంటికి ఆడపడుచుని నేనొక్కదాన్నే మిగిలాను. కొబ్బరి తోట ఎవరి పాలికి ఎంతో చెప్పాల్సింది నేను. నేనొచ్చి అక్కడ గడ్డి కోస్తే ఇక్కడ అందరూ కొట్టుకుంటారు. మీ బావకి చెప్తే, "విమానంలో తల ఎత్తకుండా ఉండాలా, నాకొద్దు" అన్నాడు. అడగడం వచ్చిందన్నావు, సంతోషం. కాదంటే పడటం కూడా నేర్చుకో.

కోలెతి ఉత్తరం అందింది. అది మా ఇద్దరి మధ్యే ఉంటుంది.

జడ సంగతి చదివాను. ఇది ఎవరికీ చదివి వినిపించలేదు. ఇంకోసారి చదివాను. "అమ్మా" అందని రాశావు చూడు, అక్కడ కాస్త ఆగాను. ఆగి, మళ్ళీ చదివాను. అంతే. బాగానే ఉన్నాను.

ఇలీసా వెళ్ళాక ఇక్కడ మొదటి శనివారం తూరలు పడ్డాయి, నూట అరవై. ఇసకలో కుప్పలు పోసి మనిషికొకటి చొప్పున పంచుతున్నారు. పంచేవాడు మన ఇంటి పేరు పిలిచి, "ముగ్గురు" అన్నాడు. నేను "ఇద్దరు" అన్నాను. అతను వినలేదనుకుని మళ్ళీ "ముగ్గురు" అని మూడో చేప తీశాడు. నేను ముందుకెళ్ళి అందరికీ వినబడేలా, "ఇద్దరమే. పిల్ల వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళింది" అన్నాను. అతను చేప చేత్తో పట్టుకునే ఉన్నాడు. "ఈ ఒక్కసారికి తీసుకో అలియేటా" అన్నాడు. వద్దన్నాను. తిరిగి కుప్పలో పడేశాడు.

రెండు చేపలు పట్టుకుని ఇంటికొచ్చాను. ఒకటి కాల్చాను, ఒకటి కొబ్బరిపాలలో వండాను. మీ బావ చేపలో పొట్ట ముక్కంతా నా ఆకులోకి తోసేశాడు. తిన్నాను. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

ఇక నుంచి ఉత్తరాలు ఇలీసా చేత రాయించు. తప్పులు దిద్దకు.

అక్క
అలియేటా